ముక్తినాథ్ బాకీ

నేపాల్ యాత్ర ఎప్పుడు పెట్టుకోవాలె అని మన షోలాపూర్ చాళ్లో ఇద్దరు ముగ్గురు అడిగిండ్రు. నేను చేసిన తప్పు ముందుగాల చెప్త.

మిల్లు పైసలు చేతికొచ్చిన ఏడు, శ్రావణం మంచి నెల గదా అని నేనూ మా ఇంటామె ముక్తినాథ్ బయల్దేరినం. పోఖరా దాటినంక కొండ విరిగిపడి తొవ్వ మూసుకపోయింది. 3 రోజులు సూసి, దర్శనం లేకనే మర్లి వచ్చినం. ఆమె ఒక్క మాట అనలే. అదే నాకు బాధ.

అక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు. మన దసరా రోజులల్లనే వాళ్లకు దశైన్ పండుగ. అందరు సొంతూళ్లకు పోతరు, బస్సుల సీటు దొరకుడు కష్టం. అది దాటినంక ఆకాశం తేటగుంటది. దీపావళిని వాళ్లు తిహార్ అంటరు. ఒక రోజు కుక్కలకు గూడ దండలేసి బొట్టు పెడతరు. ముక్తినాథ్ దాదాపు 3,800 మీటర్ల ఎత్తు. కింద జోమ్‌సోమ్‌ల ఒక రాత్రి ఆగి పోతే పెద్దోళ్లకు మంచిది. ఓటరు కార్డు అసలుది దగ్గర పెట్టుకోండ్రి.

ఈసారి దసరా దాటినంకనే టికెట్ తీసిన. ఆమె మోకాళ్లు ఇంకో ఏడు ఆగేటట్టు లేవు. గుడి ఎనుక 108 ధారల నీళ్లు ఆమె తల మీద పడాలె. అప్పుడే నా బాకీ తీరుతది.