నెలలు లెక్కపెట్టుకోవాలి!

కొన్నాళ్లు క్లాసు, కొన్నాళ్లు కంపెనీలో జీతంతో పని, మళ్లీ క్లాసు. దీన్నే 'కో-ఆప్' చదువంటారు. 1906లో అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ మొదలుపెట్టారు. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ 1909లో అదే బాట పట్టింది.

ఎమ్మెస్‌కి వెళ్లే మన పిల్లలకూ ఈ అవకాశం ఉంది. అలాగని కంపెనీ పిలవగానే చేరిపోకూడదు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు 'సీపీటీ' అనుమతి కావాలి. ఆ పని కోర్సులో భాగం కావాలి. యూనివర్సిటీ వాళ్లు ఆ వివరాలను ఐ-20 పత్రంలో నమోదు చేశాకే పనిలో అడుగుపెట్టాలి. మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయితేగానీ ఈ అనుమతి రాదు.

అసలు మెలిక వేరే ఉంది. వారానికి 20 గంటలు దాటితే ఫుల్‌టైమ్ కిందే లెక్క. అలా 12 నెలలు నిండాయా, ఆ డిగ్రీ మీద చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే 'ఓపీటీ' చేజారినట్టే! సైన్స్, ఇంజినీరింగ్ కోర్సుల వాళ్లకిచ్చే మరో 24 నెలల పొడిగింపూ దాంతోపాటే పోతుంది. అప్పు చేసి పంపిన ఇంటివాళ్లు ఆశలు పెట్టుకునేది ఆ నెలల మీదే. 11 నెలలకే ఆపేస్తే ఆ చిక్కు ఉండదు.

అందుకే పిల్లలు ఫోన్ చేసినప్పుడు జీతం ఎంతని అడిగేముందు, నెలలు ఎన్నయ్యాయని అడగండి.