ముందు నీళ్లకు దారి, తర్వాత పిల్లలకు దారి



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది ఒకే మాట అడిగారు. క్యాంపస్ వెనక గార్డెన్‌లో మట్టి దారి వద్దు, గోడ అంచు దాకా టైల్స్ వేయించండి, పిల్లల బూట్లు పాడవుతున్నాయి అని. మీ మాటలో న్యాయం ఉంది. సాయంత్రం ఆ బూట్లు కడిగేది మీరే. అయినా ఈ విషయంలో నా అభిప్రాయం వేరు. ఆ దారి పక్కన ఉన్నది మామూలు ప్రహరీ కాదు. పై గ్రౌండ్ మట్టి జారకుండా ఆపుతున్న రిటైనింగ్ వాల్. అలాంటి గోడ పక్కన దారి వేసేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది: గోడ వెనక చేరే నీళ్లు ఎక్కడికి పోతాయి?

"అనంతపురంలో నీళ్లెక్కడివి మేడమ్?" అని మీరు నవ్వొచ్చు. నిజమే, మన దగ్గర ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లే. కానీ అది సమంగా పడదు. నెలల తరబడి మొహం చాటేసి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొన్ని రోజుల్లోనే కుమ్మరిస్తుంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి మన టౌన్‌లో కాలనీలు మునగడం మీకు గుర్తుండే ఉంటుంది. కరువు సీమే కదా అని గోడ కట్టేటప్పుడు నీళ్ల సంగతి మర్చిపోతాం. ముప్పు అక్కడే ఉంది.

ఈ తప్పు మా ఇంట్లోనే జరిగింది. మా ఊళ్లో ఇల్లు గుట్ట వాలులో ఉంటుంది. పెరట్లో ఐదడుగుల గోడ, దాన్ని ఆనుకునే నడిచే దారి. వాన వచ్చినప్పుడల్లా గోడలోని పైపుల్లోంచి ఎర్రనీళ్లు కారి దారంతా బురదయ్యేది. నేను బీఈడీ చదివే రోజుల్లో నాన్న దారికి సిమెంటు వేయించి, ఆ పైపులు కూడా మూయించారు. కొన్నాళ్లు చాలా శుభ్రంగా ఉంది. 2022 అక్టోబరు వానలకు ఒకరోజు తెల్లవారుజామున గోడ మధ్యలో ఉబ్బింది. మధ్యాహ్నానికి దారి మీద పడిపోయింది. అమ్మ రోజూ ఆ వేళకు బట్టలు ఆరేసేది అక్కడే. వాన కాబట్టి ఆ రోజు ఆరేయలేదు, అంతే.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో, అర్ధరాత్రి దాటాక కురిసిన భారీ వానకు, కొత్తగా కట్టిన గోడ 300 రూపాయల టికెట్ క్యూలైన్‌లో నిలబడిన భక్తుల మీద కూలింది. ఏడుగురు చనిపోయారు. గోడ కొత్తదైనంత మాత్రాన పక్కన నడిచేవాళ్లు క్షేమంగా ఉన్నట్టు కాదు.

ఇది నేను ఎనిమిదో తరగతికి చెప్పే పీడనం పాఠమే. గోడ వెనక ఒక మీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే, గోడ ప్రతి మీటరు పొడవు మీద నీళ్ల తోపు ఒక్కటే సుమారు 500 కిలోల బరువుతో సమానం. రెండు మీటర్లు నిలిస్తే అది వెయ్యి కాదు, 2,000 కిలోలు. ఎత్తు రెండింతలైతే తోపు నాలుగింతలు. మట్టి తోపు దీనికి అదనం. మన చేలల్లో వాలుకు అడ్డంగా పేర్చిన రాతి కట్టలు చూడండి. వాటిలో సున్నం లేదు, సిమెంటు లేదు. రాళ్ల సందుల్లోంచి నీళ్లు మెల్లగా జారిపోతాయి, మట్టి మాత్రం ఆగుతుంది.

మన క్యాంపస్ గోడలో నీళ్లు పోయే పైపులు నేను లెక్కపెట్టాను. మొత్తం 14 ఉన్నాయి. గోడ దాకా ఎత్తు చేసి టైల్స్ వేస్తే కింది వరుసలోని ఏడూ మూసుకుపోతాయి.

మరి దారి వద్దా? తప్పకుండా కావాలి. గోడ మొదలుకు, దారికి మధ్య కనీసం అడుగున్నర వదిలి, అక్కడ కంకర నింపిన చిన్న కాలువ పెట్టాలి. పైపుల నీళ్లు దారి మీదికి రాకుండా అందులోకి పోతాయి. మీరు చెప్పిన బురద సమస్య అక్కడే తీరుతుంది. ఆ కాలువ నీళ్లను గోడకు దూరంగా తవ్విన ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే చుక్క కూడా వృథా కాదు. దారికి గోడ నుంచి అవతలికి, నాలుగడుగుల వెడల్పుకు ఒక అంగుళం చొప్పున వాలు ఉండాలి. పై గ్రౌండ్‌లో పడిన వాన కూడా గోడ వైపు పారకూడదు.

నునుపు టైల్స్ తడిస్తే జారతాయి. పాలిష్ చేయని తాడిపత్రి బండలు ఇసుక మీద పరిస్తే చాలు. వీల్‌చైర్‌లో వచ్చే బిడ్డ పక్కన ఒక స్నేహితుడు నడిచేలా ఐదడుగుల వెడల్పు ఉంచుదాం. మెట్లు వచ్చేచోట, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున ర్యాంప్ పెడదాం. వేప, రావి గోడకు దూరంగా నాటాలి, వాటి వేళ్లు గోడను కదిలిస్తాయి. నీళ్లు లేకపోయినా బతుకుతుందని గన్నేరు పెట్టకండి. దానిలో ఆకు నుంచి వేరు దాకా అంతా విషమే, చిన్నపిల్లలు తిరిగే చోటిది.

"ఇదంతా ఇంజినీరు పని, టీచరుకెందుకు?" అని మీరు అడగొచ్చు. గోడ సంగతి ఇంజినీరే చూసి సంతకం పెట్టాలి, నేనూ అదే కోరుతున్నాను. కానీ రోజూ 40 మంది పిల్లలను ఆ గోడ పక్కన లైనుగా నడిపించేది నేను. ఆ పిల్లలు మీవాళ్లు. అందుకే ఈ ప్రశ్న మనిద్దరిదీ.

ఈలోగా మీ ఇంటి దగ్గర, అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి గోడ ఉంటే పెద్దవాన వెలిశాక పిల్లలతో కలిసి కాస్త దూరం నుంచి చూడండి. పైపుల్లోంచి నీళ్లు కారుతున్నాయా? అంత వానకూ ఒక్క చుక్క రాకపోతే అవి మూసుకుపోయి ఉండొచ్చు. గోడ ఉబ్బినా, ఒరిగినా, కొత్త పగులు కనిపించినా ఆ పక్క నడవకండి, ఇంజినీరును పిలవండి.

వచ్చే మీటింగ్‌కు దారి ప్లాను కాగితం మీద గీసి తెస్తాను. టైల్స్ రంగు గురించి మాట్లాడే ముందు, దయచేసి ఆ ఏడు పైపుల గురించి మేనేజ్‌మెంట్‌ను నాతో పాటు మీరూ అడగండి.