ఇంట్లోకి తుపాకీ వచ్చే ముందు

మొన్న శనివారం నేను తుపాకీ కాల్చాను. నిజమేనండీ, దోసెలు తిరగేసే ఈ చేత్తోనే.

మేం ఉండేది డాలస్ పక్కన. మా వీధిలోనే మనవాళ్ళింట్లో, వాళ్ళు ఊరెళ్ళినప్పుడు, దొంగలు పడి బంగారమంతా ఎత్తుకెళ్ళారు. అప్పట్నుంచీ మా ఆయనకి ఇదే ధ్యాస. వీసా మీద ఉన్నన్నాళ్ళూ మామూలుగా ఇక్కడి చట్టం తుపాకీ కొననివ్వదు. ఇప్పుడు గ్రీన్‌కార్డు వచ్చిందిగా! "చిన్న రివాల్వరేలే, నువ్వు కూడా వాడొచ్చు" అన్నారు, కొత్త మిక్సీ కొందామన్నంత తేలిగ్గా. వద్దని గొడవ పెట్టుకోలేదు. "కొనేముందు అదేంటో నేను చూడాలి" అన్నాను.

అలా షూటింగ్ రేంజికి వెళ్ళాం. నేర్పేది ఒక పెద్దావిడ. ముందు నా మెడ వంక చూసి, చున్నీ మెడ చుట్టూ దగ్గరగా చుట్టుకోమంది. పక్కవాళ్ళ పిస్తోళ్ళలోంచి ఎగిరిపడే ఖాళీ తూటా గొట్టాలు కాలుతుంటాయట, జాకెట్లో పడితే మనిషి గంతులేస్తుంది, చేతిలో తుపాకీ ఉండగా గంతులేయకూడదు కదా అంది. కళ్ళకి అద్దాలు, చెవుల్లో బిరడాలు, వాటిమీద మళ్ళీ పెద్ద డొప్పలు.

మేం అద్దెకి తీసుకున్నది పాయింట్ 22 మాగ్నమ్ రివాల్వర్. దాని గుండు కందిగింజంత లావు. కానీ తూటా గొట్టం మామూలు పాయింట్ 22 కన్నా పొడుగు, మందు ఎక్కువ. అందుకే మాగ్నమ్ అన్నారు. 1959లో వించెస్టర్ కంపెనీ తెచ్చిందట. సిలిండర్‌లో ఆరు తూటాలు. దాని ముందున్న సందు పక్కన మాత్రం వేలు పెట్టకు, అక్కడ్నుంచి కూడా నిప్పులాంటి ఆవిరి కొడుతుంది అని రెండుసార్లు చెప్పిందావిడ.

ట్రిగ్గర్ తుప్పు పట్టిన గొళ్ళెంలా బిగుసుకుని ఉంది. లాగాను. చెయ్యి పెద్దగా అదరలేదు కానీ చప్పుడుకి గుండె జారింది. గొట్టం పొట్టిది కావడంతో మందంతా లోపల కాలకుండా బయటికొచ్చి భగ్గున వెలుగుతుందట. ఇరవై అడుగుల దూరంలో కాగితం. మొదటి మూడూ దానికి తగల్లేదు. చిన్నది, తేలికైనది ఆడవాళ్ళకి సులువని అమ్ముతారు కానీ గురి కుదరడం వాటితోనే కష్టం అందావిడ. 2014లో మన కాన్పూర్ ఫ్యాక్టరీ కూడా ఆడవాళ్ళ కోసమని అరకేజీ బరువుతో నిర్భీక్ రివాల్వర్ తెచ్చింది. అందరికీ ఒకటే ఆలోచన!

నాలుగోసారి లాగితే 'టిక్' మంది, పేలలేదు. "ఏమండీ, ఇది..." అంటూ వెనక్కి తిరిగాను. నాతోపాటు తుపాకీ కూడా తిరిగింది. ఆవిడ నా మణికట్టు ఒడిసిపట్టి గోడవైపు తిప్పేసింది. పేలని తూటా ఒక్కోసారి ఆగి పేలుతుందట, అందుకే అరనిమిషం అలాగే ముందుకు పట్టుకుని ఉండాలి. ఆ మాట మొదట్లోనే చెప్పింది. విన్నాను, తలూపాను కూడా. అయినా తిరిగాను, ఎందుకంటే ఏ వస్తువు పాడైనా ఆయన్ని పిలవడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు.

మా ఆయన మొహం తెల్లబోయింది. నేనక్కడే కుర్చీలో కూలబడ్డాను. ఇంటికెళ్ళే ముందు ఇద్దరం సబ్బుతో, చన్నీళ్ళతో చేతులు కడుక్కున్నాం, సీసం అంటుకుని ఉంటుంది కాబట్టి. కారులో పులిహోర డబ్బా ఉన్నా ఎవరూ మూత తియ్యలేదు.

నా అభిప్రాయం ఇది. నలభై ఆరేళ్ళదాన్ని, అరగంట పాఠం అప్పుడే విన్నదాన్ని, నేనే అలా తిరిగితే, మా పన్నెండేళ్ళ వాడి సంగతేంటి? నేను ఎంత పై అరలో దాచినా సున్నుండల డబ్బా వాడికి దొరుకుతుంది. తాళం పెట్టి, తూటాలు వేరే చోట పెడదామంటే, "అర్ధరాత్రి దొంగొస్తే తాళాలు వెతుక్కుంటామా?" అంటారు ఈయన. అదీ నిజమే. పైగా టెక్సాస్‌లో తూటాలున్న తుపాకీని అజాగ్రత్తగా వదిలేసి, అది 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందితే నేరం. అసలు మా వీధిలో దొంగలొచ్చింది ఇంట్లో ఎవరూ లేనప్పుడు. తుపాకీ ఉండి ఉంటే బంగారంతోపాటు అదీ పోయేది. బంగారం బ్యాంకు లాకర్లో పెడితే సరిపోయే భయానికి ఇంత వస్తువు ఇంట్లోకి తేవాలా?

మా ఇంట్లోకి వద్దన్నాను. ఆయన ఈసారి వాదించలేదు.

మీ ఇంట్లో మీరు వేరేగా అనుకోవచ్చు. ఒంటరిగా ఉండేవాళ్ళ భయాలు నాకు తెలియనివి కావు. కానీ ఆ మాట వచ్చినప్పుడు "నాకేం తెలుసు, మీ ఇష్టం" అని మాత్రం అనకండి. ఒక్కసారి వెళ్ళి, నేర్పేవాళ్ళ పక్కన నిలబడి కాల్చి చూసి, అప్పుడు ఔననండి, కాదనండి. ఏ వస్తువు ఎక్కడుందో, ఏ పిల్లాడు ఏ అర తీస్తాడో తెలిసేది మనకే కదా.

ఇంకొక్క మాట. పిల్లల్ని స్నేహితుల ఇంటికి పంపేటప్పుడు కుక్క ఉందా, వేరుశనగ పడదు అని మొహమాటం లేకుండా చెబుతాం. "మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళంలోనే ఉందా?" అని కూడా అడుగుదాం. నిన్న మావాడి స్నేహితుడి వాళ్ళమ్మని అడిగాను. ఆవిడేమీ అనుకోలేదు. "ఉంది, తాళంలోనే ఉంది" అని చెప్పి, కాసేపాగి, "ఉండండి, మళ్ళీ ఒకసారి చూసొస్తాను" అంది.