కప్పు నాలుగోవాడి కాళ్లలో ఉంది

కాలేజీల క్రాస్ కంట్రీ పోటీలు దగ్గర పడుతుంటే గండిపేట నుంచి చేవెళ్ల దాకా ఫిజికల్ డైరెక్టర్లు, అదే మా పీడీలు, ఒకరికొకరు ఫోన్ చేసుకుని అడిగేది ఒకటే మాట: "ఈసారి ఎవరు కొడతారు సార్?" పీడీగా చేసి రిటైరైన నన్ను కూడా అడుగుతారు. వాళ్లకు కావలసింది ఒక్క పేరు. ఫలానా కాలేజీలో ఐదు వేల మీటర్లు బాగా ఉరికే పిల్లగాడున్నాడు, కాబట్టి కప్పు ఆ కాలేజీదే అని ముందే తేల్చేసి, నా చేత ఔననిపించుకోవాలని చూస్తారు. బిర్యానీ పందేలూ నడుస్తాయి. అసలు ఈ అంచనా వేసే తీరే తప్పని నా వాదన.

జట్టు కప్పు లెక్క చాలా సులువు. ఎన్నో స్థానంలో వస్తే అన్ని పాయింట్లు. తక్కువ కూడినవాళ్లదే గెలుపు. ప్రపంచ పోటీల్లో దేశానికి ఆరుగురు ఉరికితే ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడుతారు. అమెరికా కాలేజీల్లో ఏడుగురు దిగితే ఐదుగురివి. ఎందరివి కూడాలన్నది పోటీని బట్టి మారుతుంది. మనం నలుగురిదే చూద్దాం. ఒక కాలేజీ పిల్లలు 1, 2, 3 స్థానాలు కొట్టి, నాలుగోవాడు 40లో వచ్చాడనుకోండి. మొత్తం 46. ఇంకో కాలేజీకి 8, 9, 11, 14 వచ్చాయి. మొత్తం 42. మెడల్స్ మూడూ మొదటి కాలేజీకి పోయాయి, కప్పు మాత్రం రెండోవాళ్లది. పందెం కాసినవాడు తన పిల్లగాడు ఫస్ట్ వచ్చినా బిర్యానీ ఎందుకు పెట్టించాలో తెలియక కొట్లాటకు దిగుతాడు. ఆ కొట్లాటలు నేను చాలానే తీర్చాను.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ మండుటెండలో జరిగింది. బయలుదేరింది 38 మంది, చివరిదాకా వచ్చింది 15 మందే. ఫిన్లాండ్ వీరుడు పావో నూర్మి ఏమీ పట్టనట్టు ఉరికి ఫస్ట్ వచ్చాడు. అతని దేశస్థుడే విల్లే రిటోలా సెకండ్. ఆ రోజుల్లో జట్టుకు ముగ్గురి లెక్క. మూడోవాడు హైకీ లీమటైనెన్ 12వ స్థానంలో ఎట్లాగో గీత దాటాడు కాబట్టి ఫిన్లాండ్‌కు జట్టు స్వర్ణం దక్కింది. అతను మధ్యలో కూలబడి ఉంటే నూర్మి ఎంత గొప్పగా ఉరికినా ఆ పతకం లేదు. నూర్మి పేరు ఆటల పుస్తకాలన్నింటిలో ఉంది. లీమటైనెన్ పేరు విన్నవాళ్లు ఎందరు? ఆ తర్వాత ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీని తీసేశారు. ఆనాటి ఎండ దెబ్బ అట్లాంటిది.

అంత వెనక్కి పోనక్కరలేదు. 2022 నవంబరులో అమెరికా కాలేజీల జాతీయ పోటీ ఓక్లహామా స్టేట్ యూనివర్సిటీ సొంత ఊరు స్టిల్‌వాటర్‌లో జరిగింది. సొంత మైదానం, సొంత జనం. చివరకు ఆ జట్టుకూ నార్తర్న్ అరిజోనాకూ చెరి 83 పాయింట్లు. రెండు జట్ల ఐదుగురినీ ఒకరికొకరిని సరిపోల్చి చూసి కప్పు నార్తర్న్ అరిజోనాకు ఇచ్చారు. ఓక్లహామా స్టేట్ తరఫున లెక్కకొచ్చిన ఐదుగురిలో ఏ ఒక్కడు చివరి మలుపులో ఇంకో జట్టువాణ్ని ఒక్కణ్ని దాటినా లెక్క మారిపోయేది.

పోనీ ఫస్ట్ వచ్చేవాణ్నయినా ముందే చెప్పగలమా అంటే అదీ అంతంతమాత్రమే. 2017లో ప్రపంచ పోటీలు ఉగాండా రాజధాని కంపాలాలో జరిగాయి. సొంత గడ్డ మీద జాషువా చెప్టెగై చివరి రౌండు దాకా అందరికన్నా ఎంతో ముందున్నాడు. ఆఖర్న కాళ్లు ఆడక 30వ స్థానానికి పడిపోయాడు. రెండేళ్ల తర్వాత డెన్మార్క్‌లో అదే పోటీలో గెలిచాడు, అది వేరే కథ.

ఇక మన దగ్గరికి వద్దాం. 1979లో సీబీఐటీ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చిన నాటికి గండిపేట హైదరాబాదుకు దూరం. సర్కారు తెచ్చిన 111 జీవో 1996లో అక్కడి జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేసింది. అయినా ఫాంహౌస్‌ల ప్రహరీలు, ఫంక్షన్ హాళ్లు ఎన్ని లేచాయో మొయినాబాద్ రోడ్డు మీద పోయేవాళ్లకు చెప్పనక్కరలేదు. ఉరికే నేల తగ్గింది. నార్సింగి, కోకాపేట వైపు పిల్లలు సర్వీసు రోడ్ల మీద, తారు మీద ప్రాక్టీసు చేస్తారు. వాళ్ల వాచీల్లో టైమింగులు చూస్తే కళ్లు చెదురుతాయి. వాన వెలిసిన మర్నాడు రేగడి మట్టిలో దింపండి, బూటుకు శేరు మట్టి అంటుకుంటే ఆ టైమింగు ఎటుపోతుందో చూద్దాం. మొరం, గట్లు, దున్నిన చేను అలవాటైన షాబాద్, శంకర్‌పల్లి వైపు పిల్లలకు వాచీ ఉండకపోవచ్చు గాని కాలు ఎక్కడ వేయాలో తెలుసు.

ఆ పిల్లల్లోనే సాధారణంగా ఒక జట్టు నాలుగోవాడు ఉంటాడు. మొదటివాడి సంగతి వేరు. వాడికి కాలేజీ బూట్లు కొనిస్తుంది, హాస్టల్లో గుడ్లు అదనంగా పెడుతుంది, అటెండెన్స్ చూసీచూడనట్టు పోతుంది. నాలుగోవాడు ఇంటి నుంచి బస్సులో వచ్చిపోతాడు. బతుకమ్మ, దసరా, దీపావళి వరుసగా వచ్చే ఆ నెలల్లోనే ప్రాక్టీసు ముమ్మరంగా సాగాలి. బంతిపూలకు ధర పలికేదీ అప్పుడే. చేవెళ్ల, మొయినాబాద్ చేలలో కోసిన పూలు తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్లో దిగాలి. మా జట్టులో ఒక పిల్లగాడు రాత్రంతా మూటలు ఎత్తి, ఆటోట్రాలీలో మార్కెట్టుకు పోయి, అటునుంచి అటే గ్రౌండుకు వచ్చేవాడు. వాణ్ని ఇంకో రెండు రౌండ్లు ఉరకమని ఏ నోటితో చెప్పాలి? ఆ ఏడాది బంతి ధర ఎట్లా ఉందో తెలియకుండా మా జట్టు స్థానం ఎవరైనా ఎట్లా చెప్పగలరు?

ఇదంతా చూసి అంచనాలే వద్దంటారేమో. నేను అననంటే అనను. సరిగ్గా వేయాలంటాను. అందుకు కావలసిన సమాచారం మన దగ్గర మిగలడం లేదు, నా గోడు అదే. నేను చూసిన కాలేజీ పోటీలు చాలావాటిలో గీత దాటిన ప్రతి పిల్లగాడి చెస్ట్ నంబర్ ఎవరో ఒకరు కాగితం మీద రాస్తారు. ఆ కాగితం నుంచి ముగ్గురి పేర్లు, జట్టు కప్పు ఎవరిదన్నది బయటికొస్తాయి. పేపర్లోనూ అవే పడతాయి. మిగతా కాగితం ఏ బీరువాలో చేరుతుందో ఎవరికీ పట్టదు. నిరుడు 58లో వచ్చిన పిల్ల ఈసారి 23లో వస్తే ఆ ఎదుగుదల ఆమెకూ తెలియదు, ఆమె పీడీకీ తెలియదు. అమెరికాలో చివరివాడి టైమింగు కూడా అచ్చవుతుంది. అక్కడ జట్టు పాయింట్లను ముందే లెక్కగట్టేవాళ్లకు ఆ పట్టికలే ఆధారం.

దీనికి కోట్లు అక్కరలేదు. గీత దగ్గర ఇద్దరు వలంటీర్లు, ఒక స్టాప్‌వాచ్, సాయంత్రానికల్లా ఫోటో తీసి కాలేజీలన్నిటికీ పంపే ఒక ఫోన్ చాలు. పేరు, కాలేజీ, స్థానం, టైము. బురద పడిందా, పొడి నేలా అన్నది ఒక ముక్క రాస్తే ఇంకా మంచిది. ఆడపిల్లల జాబితా కూడా అంతే పూర్తిగా రావాలి. 2017 నుంచి ప్రపంచ పోటీల్లో సీనియర్ స్త్రీ పురుషులిద్దరికీ దూరం పది కిలోమీటర్లే, మన కాగితాల్లో మాత్రం ఆడపిల్లల వరుస ఇంకా చిన్నదిగానే కనిపిస్తుంది.

అప్పటిదాకా పందెం కాయక తప్పదనుకునేవాళ్లకు నా సలహా ఒకటుంది. అందరిలాగా ఫినిష్ దగ్గర గుమిగూడకండి. ఆఖరి గట్టుకు కొంచెం ముందు, ఊపిరి అందని చోట నిలబడండి. ముందు పోయే ముగ్గురు నలుగుర్ని పోనివ్వండి. తర్వాత వచ్చే గుంపులో ఏ రంగు బనీన్లు ఎక్కువ ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ కాలేజీ పీడీకి అప్పుడే ఫోన్ చేసి బిర్యానీ ఎక్కడో అడగొచ్చు.