దగ్గే కదా అనుకోవద్దు!

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ తీసుకుంటున్న పెద్దాయన. జుట్టు ఊడలేదు, వాంతుల్లేవు. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. రెండు నెలలయ్యాక పొడిదగ్గు, ఆయాసం, కాస్త జ్వరం. 'చలిగాలికేలే' అని మందులషాపు నుంచి రెండు మాత్రలు తెచ్చి వేస్తారు. పొరపాటు జరిగేది ఇక్కడే.

క్యాన్సర్ కణాలు మన రోగనిరోధక వ్యవస్థకు బ్రేకులు వేసి తప్పించుకుంటాయి. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు ఆ బ్రేకుల్ని తీసేస్తాయి. ఈ బ్రేకుల గుట్టు విప్పినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. ఇవి కీమోలా తెల్లరక్తకణాల్ని బాగా తగ్గించేయవు. కాబట్టి వీటివల్ల నేరుగా ఇన్‌ఫెక్షన్లు రావడం తక్కువే. కీమో కూడా కలిపి ఇస్తుంటే మాత్రం ఆ ముప్పూ ఉంటుంది.

మరి చిక్కెక్కడ? అదుపు తప్పిన రక్షణ కణాలు ఒక్కోసారి సొంత ఊపిరితిత్తుల మీదే దాడిచేస్తాయి. ఆ వాపే న్యుమొనైటిస్. దాన్ని తగ్గించడానికి స్టెరాయిడ్లు వారాల తరబడి వాడాల్సి వస్తుంది. అవి రోగనిరోధకశక్తిని అణచేస్తాయి. అదను చూసుకుని బ్యాక్టీరియా, ఫంగస్, వైరస్‌లు చొరబడతాయి.

వాపుకీ న్యుమోనియాకీ లక్షణాలు దాదాపు ఒకటే. చికిత్సలే వేరు. ఒకదానికి స్టెరాయిడ్లు, రెండోదానికి యాంటీబయోటిక్స్. తేల్చుకోవడానికి సీటీ స్కాన్, కళ్లె పరీక్ష, అవసరమైతే బ్రాంకోస్కోపీ చేస్తారు.

మనవాళ్లకు టీబీ భయం అదనం. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మనదేశంలోనే ఉన్నారు. ఒంట్లో నిద్రపోతున్న టీబీ ఈ చికిత్స సమయంలో మేలుకోవచ్చు. అందుకే గతంలో టీబీ వచ్చినా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా చికిత్సకు ముందే డాక్టరుకి చెప్పాలి. హెపటైటిస్-బి పరీక్ష కూడా ముందే చేయించుకోవాలి.

ఇవి మరవద్దు

* జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, దగ్గు, ఆయాసం కొత్తగా మొదలైనా ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి.

* ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఇమ్యునోథెరపీ సంగతి ముందు చెప్పాలి. చికిత్స ఆపేసి కొన్ని నెలలైనా సరే.

* స్టెరాయిడ్లు సొంతంగా వాడొద్దు, ఉన్నట్టుండి మానొద్దు. నాలుగు వారాలకు మించి వాడాల్సివస్తే న్యుమోనియా రాకుండా ముందుజాగ్రత్త మాత్రలు కావాలేమో అడగాలి. మధుమేహం ఉంటే చక్కెర తరచూ చూసుకోవాలి.

* ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టర్ని అడగాలి. బతికున్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు మాత్రం సొంతంగా వేయించుకోకూడదు.

భయపడి మంచి మందుని వదులుకోనక్కర్లేదు. దగ్గుని తేలిగ్గా తీసుకోకుంటే చాలు!