ఉప్పునీళ్లకి ఏ అల్యూమినియం?

విమానం రెక్కకి వాడే అల్యూమినియంతోనే పడవ కూడా చేసేస్తే పోలా? అస్సలు కుదరదు బాస్! విమానాల్లో వాడే 2024 రకంలో రాగి కలుపుతారు. బలం భలేగా వస్తుంది గానీ, ఉప్పునీళ్లు తగిలితే ఆ రాగే కొంప ముంచుతుంది. లోహం గుంటలు గుంటలుగా పోతుంది.

అందుకే ఓడలకి 5083. ఇందులో రాగి దాదాపు ఉండదు. నాలుగున్నర శాతం దాకా మెగ్నీషియం, కాస్త మాంగనీస్. పైన పట్టే ఆక్సైడ్ పొరే దీనికి కవచం. గీత పడినా తనంతట తనే మళ్లీ పట్టేస్తుంది. బరువేమో ఉక్కులో మూడో వంతు.

ఇంకేం, ఓడంతా దాంతోనే కట్టేద్దాం అంటారా? అమెరికా నేవీ అదే చేసింది. అలబామాలో కట్టి, 2010లో దళంలో చేర్చుకున్న 'ఇండిపెండెన్స్' యుద్ధనౌక ఒళ్లంతా అల్యూమినియమే. 2011 కల్లా, నీళ్లు చిమ్మి ఓడను ముందుకి తోసే వాటర్‌జెట్ల దగ్గర లోహం తినేసిందని బయటపడింది. (అల్యూమినియానికి తుప్పేంటి అనకండి. ఎర్రగా రాదు, తెల్లపొడిలా రాలుతుంది.) కారణం, పక్కనే ఉన్న ఉక్కు. రెండు వేరే లోహాలు, మధ్యలో ఉప్పునీళ్లు... అచ్చం బ్యాటరీయే! ఉక్కుతో జట్టు కడితే కరిగేది అల్యూమినియమే.

మామూలు పడవలకి విరుగుడు సింపుల్: జింక్ దిమ్మెలు తగిలిస్తారు. ముందు అవి కరుగుతాయి, పడవ మిగులుతుంది. అరిగాక మార్చడం మర్చిపోయారో, తర్వాత వంతు పడవదే.