‘ఇప్పుడు’ అంటే ఏమిటని అడగడం దండగా?

ముందుగా ఒక చిన్న ప్రయోగం చెబుతాను. మీరు కామారెడ్డిలో ఉన్నారనుకోండి. మీ స్నేహితురాలు ఎల్లారెడ్డిలో ఉంది. చలికాలంలో ఒకరోజు ఇద్దరూ చెరొక చదునైన చోట ఒక కర్రను నిటారుగా పాతి, దాని మొదలు నుంచి సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఒక గీత గీయండి. కర్ర నీడ ఆ గీతమీదికి వచ్చిన క్షణమే ఆ ఊరికి మిట్టమధ్యాహ్నం. ఆ క్షణం రాగానే ఒకరికొకరు ఫోనులో చెప్పుకోండి. గీతలు జాగ్రత్తగా గీసి ఉంటే, కామారెడ్డిలో మధ్యాహ్నమైన ఇంచుమించు ఒకటింబావు నిమిషానికి గాని ఎల్లారెడ్డిలో మధ్యాహ్నం కాదు.

కారణం మీకు తెలిసిందే. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఎల్లారెడ్డి కామారెడ్డికి పడమరగా డిగ్రీలో దాదాపు మూడోవంతు దూరాన ఉంది. మరి గడియారం ఏమంటుంది? 1906 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన మన ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. అందువల్ల నీడ గీతమీదికి వచ్చేసరికి కామారెడ్డి గడియారంలో సగటున 12 గంటల 17 నిమిషాలు, ఎల్లారెడ్డి గడియారంలో సుమారు 12 గంటల 18 నిమిషాలు అవుతాయి. రెండు ఊళ్ల మధ్యాహ్నాల్లో ఏది నిజమైనది? రెండూ నిజమే. గడియారాన్ని ఎలా పెట్టుకోవాలన్నది మనుషులు చేసుకున్న ఒప్పందం. అక్కడికి ఆ ప్రశ్న తీరిపోయింది.

తీరని ప్రశ్న మరొకటి ఉంది. ఫోనులో మీరు “ఇదిగో, ఇప్పుడే!” అన్నారు కదా. ఆ ‘ఇప్పుడు’ అంటే ఏమిటి? అది ఒక క్షణం కూడా నిలవకుండా ఎక్కడికి పోయింది? నిన్న అనేది ఎక్కడైనా ఉందా, పూర్తిగా లేకుండా పోయిందా? రేపు ఇప్పటికే ఉండి మనకోసం కాచుకుని ఉందా, ఇంకా తయారే కాలేదా?

ఇలాంటి ప్రశ్న అడిగిన పిల్లలకు ఇంట్లోనూ బడిలోనూ దొరికే జవాబు తరచుగా ఒకటే: “ముందు మార్కులొచ్చే ప్రశ్నలు చూసుకో.” ఆ మాట అనేవారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా నా అభిప్రాయం వేరు. ఈ ప్రశ్న దండగ కాదు. ఒక మనిషి జీవితమంతా దీనికే వెచ్చించినా అది గౌరవించదగిన పనే. ఎందుకో చెబుతాను.

కాలాన్ని మనం రెండు విధాలుగా వరసపెడతాం. నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. మొదటిది రెండోదానికంటే ముందు. ఈ వరస ఎన్నటికీ మారదు. ఇది ఒక విధం. రెండో విధం ‘గతం, వర్తమానం, భవిష్యత్తు’. 2010లో కామారెడ్డి జిల్లా భవిష్యత్తు. ఈనాడు అది గతం. ఈ వరస క్షణక్షణం మారుతూనే ఉంటుంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించిన మెక్‌టాగర్ట్ 1908లో రాసిన ఒక వ్యాసంలో ఈ తేడాను స్పష్టంగా చూపారు. రెండో వరస లేకపోతే కాలమే లేదనీ, ఆ రెండో వరసలో వైరుధ్యం ఉందనీ, కాబట్టి కాలం యథార్థం కాదనీ ఆయన తేల్చారు. ఆ తీర్పును ఒప్పుకున్నవారు తక్కువ. కాని ఆ తర్వాత కాలం గురించి రాసినవారెవరూ ఆయన వాదాన్ని తేలికగా దాటిపోలేకపోయారు.

ఇది పడమటి దేశాలవారికే పుట్టిన ప్రశ్న అనుకోకండి. వైశేషికులు కాలాన్ని తొమ్మిది ద్రవ్యాలలో ఒకటిగా లెక్కించారు. ఆచార్య నాగార్జునుడు తన మూలమధ్యమక కారికలలో ఒక ప్రకరణాన్ని కాలపరీక్షకే కేటాయించాడు. వర్తమానం, భవిష్యత్తు గతంమీద ఆధారపడి ఉన్నాయంటే అవి గతంలోనే ఉండి తీరాలి. ఆధారపడలేదంటే వాటిని వర్తమానమనీ భవిష్యత్తు అనీ అనలేం అన్నది అక్కడి తర్కం. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో 1924లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర ఆచార్యులైన కొత్త సచ్చిదానందమూర్తి నాగార్జునుడిమీద ఒక గ్రంథం రాశారు. పల్లెలో పుట్టినవారికి ఇలాంటి ఆలోచన అందనిది కాదు.

మన బజారులో వినిపించే మాటలనే గమనించండి. ఉర్దూలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడా. ఏదో తెలిసేది క్రియనుబట్టి. తెలుగులో నిన్నకూ రేపుకూ వేర్వేరు మాటలున్నాయి. కాని మన క్రియ ఇంకో తమాషా చేస్తుంది. “బస్సు రోజూ వస్తుంది”, “బస్సు రేపు వస్తుంది” — రెండు వాక్యాల్లోనూ ‘వస్తుంది’ ఒక్కటే. ఎప్పుడూ జరిగేదీ, ఇకమీద జరగబోయేదీ ఒకే రూపంలో ఇమిడిపోయాయి. వ్యాకరణంలో కాలాలు బట్టీపట్టి వదిలేస్తాం గాని, ఆ కాలాలకు ఒక తర్కం ఉందేమోనని ఆలోచించం.

అలా ఆలోచించిన మనిషే ఆర్థర్ ప్రయర్. ఆయన 1914లో న్యూజీలాండ్‌లోని మాస్టర్టన్ అనే పట్టణంలో పుట్టారు. ప్రపంచంలో పేరున్న విద్యాకేంద్రాలకు అది ఎంతో దూరం. ఒటాగో విశ్వవిద్యాలయంలో చదివి, 1946 నుంచి క్రైస్ట్‌చర్చ్‌లో తత్వశాస్త్రం బోధించారు. 1949లో వారి ఇల్లు కాలిపోయి, రాస్తున్న ఒక గ్రంథం చిత్తుప్రతి దెబ్బతిన్నది. అయినా చదవడం, రాయడం మానలేదు. తన గురువు ఫిండ్లే కాలం గురించి రాసిన వ్యాసంలో అడుగున ఒక చిన్న గమనిక ఉంది. 1953లో ఒక రాత్రి ప్రయర్ భార్యను నిద్రలేపి ఆ గమనిక చదివి వినిపించారు. క్రియల కాలాలకు గణితంలా సూత్రాలు కట్టవచ్చునని తనకు తోచిందని చెప్పారు. అక్కడినుంచి 1969లో చనిపోయేదాకా ఆయన ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు. 1956లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలిచ్చారు. 1959లో మాంచెస్టర్‌లో ఆచార్యులయ్యారు. ఆపైన ఆక్స్‌ఫర్డ్ చేరారు.

1959లో ఆయన రాసిన ఒక చిన్న వ్యాసం మీకు బాగా నచ్చుతుంది. దాని సారం ఇది. చివరి పరీక్ష రాసి బయటికి వచ్చి “హమ్మయ్య, అయిపోయింది!” అంటారు. దాని అర్థమేమిటి? “ఈ పరీక్ష ముగిసేది ఫలానా తేదీన” అని సంతోషిస్తున్నారా? ఆ తేదీ నెల క్రితం కూడా మీకు తెలుసు. అప్పుడు ఈ సంతోషం లేదే! కాబట్టి ‘ముందు, వెనుక’ అనే మారని వరసలో ఇమడనిది ఏదో ‘అయిపోయింది’ అన్న మాటలో ఉంది అని ప్రయర్ వాదం.

‘ఎప్పుడో జరిగింది’, ‘ఎప్పుడో జరుగుతుంది’, ‘ఎల్లప్పుడూ జరిగింది’, ‘ఇకమీద ఎల్లప్పుడూ జరుగుతుంది’ — ఈ నాలుగు మాటలకు ఆయన గుర్తులు పెట్టి, వాటిమధ్య సంబంధాలను సూత్రాలుగా రాశారు. దానికే కాలతర్కమని పేరు. 1977లో అమీర్ ప్నుయెలీ అనే ఇజ్రాయిల్ శాస్త్రజ్ఞుడు కంప్యూటర్ ప్రోగ్రాములను పరీక్షించడానికి ఈ తర్కాన్ని ఉపయోగించవచ్చునని చూపాడు. రైలుగేటును కంప్యూటరు నడుపుతున్నదనుకోండి. “గేటు తెరిచి ఉండగా రైలు వచ్చే క్షణం ఎన్నడూ ఉండదు” అని ఖాయం చేసుకోవాలి. “మూసిన గేటు ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుంది” అని కూడా ఖాయం చేసుకోవాలి. ఈ రెండు వాక్యాలూ కాలతర్కపు వాక్యాలే. ఈ కృషికి ప్నుయెలీకి 1996లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి లభించింది.

“చూశారా, చివరికి ఉపయోగపడింది కాబట్టి మంచిదే” అని ఇక్కడ ఆగిపోతే నేను చెప్పదలచినది సగమే అవుతుంది. ప్రయర్‌ను ఆ ప్రశ్నవైపు నడిపించింది యంత్రాలు కావు. రేపటి సంగతి ఇవాళే నిర్ణయమైపోయి ఉందా, అలాగైతే మనిషికి స్వేచ్ఛ ఏది అన్న చింత ఆయనది.

ఈ చింత మీ ఇంటిలోనూ ఉంది. “రాసిపెట్టి ఉంటే అవుతుంది, లేకపోతే లేదు” అన్న మాట మీరు వినని రోజుండదు. చదువు మానిపించిన ఆడపిల్లతో ఆ మాటే అంటారు. పరీక్ష తప్పిన కుర్రవాడు తనకు తానే ఆ మాట చెప్పుకుంటాడు. అదొక తత్వం. కాని పరీక్షకు నిలబడని తత్వం. రేపటి ఫలితం ఇప్పటికే ఉందనే ఒప్పుకుందాం. ఆ ఫలితం దేనివల్ల వస్తుంది? మీరు చదివినందువల్ల, లేక చదవనందువల్ల. పంట రేపటిదైనా విత్తనం ఇవాళ్టిదే. కారణాన్ని తీసేసి ఫలితాన్ని మాత్రం ఉంచడం ఏ తర్కంలోనూ కుదరదు. రేపు ఇంకా తెరిచే ఉందని ప్రయర్ నమ్మారు. కాలం ప్రవహించదని 1981లో ‘నిజ కాలం’ అనే అర్థం వచ్చే పేరుతో గ్రంథం రాసిన హ్యూ మెల్లర్ వాదించారు. ఈ మెల్లర్ మొదట చదివింది కెమికల్ ఇంజనీరింగ్! ఇద్దరికీ పొసగదు. కాని చేతులు ముడుచుకు కూర్చోమని ఇద్దరిలో ఎవరి సిద్ధాంతమూ చెప్పదు.

ఇక ఒక ఆక్షేపణ. “1905లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతంతో ఇదంతా తేల్చేశాడు, తత్వవేత్తలకు ఇంకేం పని?” అని కొందరంటారు. దూరదూరంగా జరిగే రెండు సంఘటనలు ఒకేసారి జరిగాయా అన్నది చూసేవారి చలనంమీద ఆధారపడి ఉంటుందని ఆ సిద్ధాంతం చెబుతుంది. ఇది ప్రయోగాలకు నిలిచిన సత్యం. విశ్వమంతటికీ ఒకే ‘ఇప్పుడు’ ఉందనేవారికి ఇది పెద్ద చిక్కే. భవిష్యత్తు కూడా వర్తమానమంత నిజమని 1967లో పట్నమ్ అనే తత్వవేత్త ఈ ఆధారంతోనే వాదించాడు. అయితే సమీకరణంలో కాలానికి ‘టి’ అనే అక్షరం ఉంటుంది గాని, ‘ఇప్పుడు’కు గుర్తేమీ ఉండదు. ‘ఇప్పుడు’ అనే సమస్య తనను కలవరపెడుతున్నదని ఐన్‌స్టీనే అన్నట్టు తత్వవేత్త కార్నప్ తన ఆత్మకథలో రాశాడు. తత్వవేత్త భౌతికశాస్త్రాన్ని కాదనకూడదు. భౌతికశాస్త్రం వదిలిన ప్రశ్నను లేనట్టు నటించకూడదు కూడా.

కాబట్టి కామారెడ్డి, ఎల్లారెడ్డి పిల్లలకు, అలాంటి ఊళ్లన్నిటి పిల్లలకు నా సలహా ఇది. లెక్కలు చేయండి, మార్కులు తెచ్చుకోండి. అదే నోటుపుస్తకంలో వెనక ఒక పేజీ, జవాబు దొరకని ప్రశ్నలకు వదలండి. మీ తరగతిలో ఎవరైనా “రేపు ఇప్పటికే ఉందా?” అని అడిగితే నవ్వకండి; వాదించండి. పెద్దయ్యాక ఎవరికైనా ఇదే చదవాలనిపిస్తే ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లో తత్వశాస్త్ర శాఖలున్నాయి. ఉపాధ్యాయులకు ఒక మనవి: నెలకు ఒక గంట ఇలాంటి ప్రశ్నకు ఇవ్వండి. ఆ గంటకు మార్కులుండవు. కాని ‘రాసిపెట్టి ఉంది’ అన్న మాట వినగానే తల ఊపేయకుండా, “ఎక్కడ రాసి ఉంది? ఎలా తెలిసింది?” అని అడిగే పిల్లలు తయారవుతారు.